బీరువాలో మందు

“ఆ సీసా నా వంటింట్లో ఉంటే నేనుండను. నేనుంటే అది ఉండదు. ఏదో ఒకటి తేల్చు.”

పొద్దున ఏడింటి నుంచి ధనమ్మ ఈ మాట అనడం ఇది అయిదోసారి. గొంతు పెరుగుతోందే తప్ప మాట మారడం లేదు.

కోడలు దేవిక నేరేడుపళ్ళు పిసుకుతోంది. మణికట్ల దాకా చేతులు ఊదారంగుకు తిరిగాయి. గింజలు ఏరేసి, గుజ్జును పలచటి గుడ్డలో మూటగట్టి గిన్నెలోకి పిండుతోంది. గట్టు మీద పుదీనా, నిమ్మకాయలు, సన్నటి కాడ ఉన్న గాజుగ్లాసులు రెండు. వాటి పక్కనే ఆ సీసా. వోడ్కా అంట. చూడ్డానికి మంచినీళ్ళలాగే ఉంటుంది. మంచినీళ్ళలా ఉండబట్టే ధనమ్మకు దాన్ని చూస్తే మరీ ఒళ్ళు మండిపోతోంది.

“ఎన్నిసార్లు చెప్పాలి అత్తయ్యా?” చివరికి దేవిక నోరు విప్పింది. “నెలకి ఒక్క ఆదివారం, ఒక్క గ్లాసు. అదీ ఇంట్లో, నా ఎదురుగా, అన్నం తింటూ. నాలుగు నెలలుగా ఆయన బయట చుక్క ముట్టలేదు. మీరూ చూస్తున్నారుగా.”

“మానటమంటే మానటమే. నెలకో రోజు ఆటవిడుపు ఏందే? ఇదేమన్నా బడా?”

“ఒక్కసారిగా మానలేని మనిషిని ఒక్కసారిగా మానమంటే దొంగతనంగా తాగుతాడు. ఆ రోజులు మర్చిపోయారా?”

“నేనా మర్చిపోయేది? కన్నదాన్ని నేను.”

“కట్టుకున్నదాన్ని నేను.”

దేవిక గుడ్డమూట మళ్ళీ బిగించి గిన్నెలోకి పిండింది.

“కోడితోక అంటారంట దాన్ని, ఇంగ్లీషులో,” అన్నాడు హాల్లోంచి ధనమ్మ మొగుడు నరసింహారావు, పేపరు దించకుండానే. కాక్‌టెయిల్ అనే మాట తెలిసిన రోజు నుంచీ ఆయనకు ఇదే హాస్యం. ఎవరూ నవ్వలేదు. ఆయన గొంతు సవరించుకుని మళ్ళీ పేపర్లో పడ్డాడు.

నిజానికి ఆ ఇద్దరు ఆడవాళ్ళకూ కావలసింది ఒక్కటే. హర్ష బతికి బాగుండాలి. మాఘమాసంలో హర్ష తాగి బండి తోలి సాగర్ కాలవ కట్ట మీద పడ్డాడు. చెయ్యి విరిగిందని ఆసుపత్రికి తీసుకుపోతే, చెయ్యి సంగతి తర్వాత, గుండె కొట్టుకోవడంలోనే తేడా ఉందన్నారు. ముప్పై మూడేళ్ళ మనిషి, డ్రిప్పు పైపుల షాపు పెట్టుకుని నలుగురిలో తిరిగే మనిషి, ఇక జన్మంతా రోజుకో మాత్ర మింగాలి. పూర్తిగా మానేయమని డాక్టరు చెప్పాడు. పూర్తిగా మానతానని హర్ష అంతకుముందు మూడుసార్లు ఒట్టేసి, మూడుసార్లూ తప్పాడు. అందుకని దేవిక ఆసుపత్రి మంచం పక్కనే కూర్చుని మొగుడితో ఈ ఒప్పందం చేసుకుంది.

నెలనెలా ఆ భోజనం ఆ పిల్ల ఏర్పాటు చేసే తీరు చూడాలి! పెళ్ళికి ముందు హైదరాబాదులో పెద్ద హోటల్లో ఆరేళ్ళు పనిచేసింది. ఏ కాలానికి ఏది పండితే దాంతో గ్లాసు కలపడం ఆమె నేర్చిన విద్య. చైత్రంలో పచ్చిమామిడికాయను నిప్పుల మీద కాల్చి, ఆ గుజ్జుకు మిరియాల పొడి తగిలించింది. వైశాఖంలో తాటిముంజలు చిదిమి కొబ్బరినీళ్ళలో కలిపింది. జ్యేష్ఠంలో మల్లెపూలు రాత్రంతా నానబెట్టిన నీళ్ళతో ఏదో చేసింది. ఇప్పుడు ఆషాఢం, నేరేడు. గ్లాసుల పక్కన ఇద్దరికీ కలిపి ఒకటే పళ్ళెం. ఈ నెల అందులోకి కొర్రమీను వేపుడు, చింతచిగురు పప్పు, గోలీల్లాగా చుట్టిన రాగిసంకటి. కిటికీలకు తెరలు, బల్ల మీద రెండు కొవ్వొత్తులు. తినేంతసేపూ ఫోన్లు ఆపేసి పడగ్గదిలో పెట్టాలి. ఇంట్లో పనిమనిషి తప్ప ఇంకెవరూ ఉండకూడదు.

“పట్టపగలు కొవ్వొత్తులేందే, కరెంటు పోయిందా?” అని మొదటి నెల ధనమ్మ అడిగింది. “మొగుడూ పెళ్ళాలు అన్నం తినటానికి అత్తామామల్ని బయటికి తోలటం నేనెక్కడా చూళ్ళేదు,” అని రెండో నెల అంది. మూడో నెల ఏమీ అనలేదు. ఆ నెలలోనే ఆమె తన దారి తను వెతుక్కుంది.

ఆ సంగతి ఇంట్లో ఒక్కరికీ తెలియదు. తొమ్మిది రోజులుగా పొద్దున్నే హర్ష తాగే మజ్జిగలో ధనమ్మ చిటికెడు తెల్లపొడి కలుపుతోంది. ఇచ్చినవాడు పుల్లారావు, ఆమె అక్క కొడుకు. గురజాలలో ఒక మందుల షాపులో పనిచేస్తాడు. మాత్రలు నూరి, పేరూ ఊరూ లేకుండా కాగితంలో పొట్లం కట్టి తెచ్చాడు. “ఇది లోపల ఉండగా తాగాడంటే కడుపులో తిప్పి కక్కుకుంటాడు పిన్నీ. రెండుసార్లు కక్కుకుంటే జన్మలో సీసా మొహం చూడడు. ఒక్క రోజు కూడా తప్పించమాక,” అని చెప్పి వెళ్ళాడు.

ఈ ఆదివారం తాగి కక్కుకుంటే కక్కుకోనీ, కోడలి కొవ్వొత్తుల ముందే కక్కుకోనీ అని మొదట అనుకుంది ధనమ్మ. తీరా ఆ రోజు వచ్చి, గట్టు మీద సీసా కనపడేసరికి ఆ మాట మీద నిలబడలేకపోయింది. కొడుకు పేగులు తెగేలా కక్కుకుంటుంటే తను గుళ్ళో దండం పెట్టుకుంటూ నిలబడాలా? అందుకే ఈ పోట్లాట. చెప్పలేని భయాన్ని కోపం చేసి మాట్లాడుతోంది పాపం.

చెప్పడానికి వీల్లేదు మరి. కిందటి కార్తీకంలో ఎవరో ఇచ్చిన వేరు ఒకటి అరగదీసి కూరలో కలిపింది. హర్ష కనిపెట్టేశాడు. అరవలేదు, పళ్ళెం విసిరెయ్యలేదు. లేచి చెయ్యి కడుక్కుని అన్నాడు: “ఇంకోసారి నాకు తెలియకుండా నా తిండిలో ఏదన్నా కలిపావంటే నీకు కొడుకు లేడనుకో అమ్మా.” ఆ తర్వాత నలభై రోజులు ఆమె చేతి మెతుకు ముట్టలేదు. అన్నాడంటే చేసే రకం. అంతా తండ్రి పోలికే.

“అత్తయ్యా.”

ధనమ్మ తలెత్తింది. దేవిక చేతులు కడుక్కుని, పమిటకొంగుతో తుడుచుకుని, సీసా తీసి ఆమె చేతిలో పెట్టింది.

“తీసుకోండి. ఈ నెల ఇది లేకుండానే చేస్తాను. ఉత్త నేరేడు రసం ఇస్తా. ఆయన అడిగితే నేను సమాధానం చెప్పుకుంటాను. మీరు మాత్రం ఇలా ఏడుస్తూ కొండ మీద గుడికి వెళ్ళకండి.”

తను ఏడుస్తున్నానని ధనమ్మకు అప్పుడే తెలిసింది. ఏదో అందామనుకుంది. మంచిమాట ఒకటి అంటే బాగుండేది. అలవాటు లేని నోరు, రాలేదు. సీసా పట్టుకుని గబగబా తన గదిలోకి నడిచింది.

గదిలో ఆరోగ్యమ్మ ఊడుస్తోంది. పదిహేనేళ్ళుగా ఆ ఇంట్లో పనిచేస్తున్న మనిషి. ధనమ్మ బీరువా తెరిచి, సీసాను పట్టుచీరెల ముందు నిలబెట్టింది. పొడి పొట్లం ఆ చీరెల అడుగున ఉంది. ఒకసారి తడిమి చూసుకుని తాళం వేసి, తాళంచెవి దిండు కింద దోపింది. బయట డ్రైవరు మౌలాలీ కారు హారన్ కొట్టాడు.

ఆ హడావిడిలో, ఆ కన్నీళ్ళలో, హర్ష మజ్జిగ సంగతి ఆమెకు గుర్తే లేదు. షాపుకు వెళ్ళేముందు అతను ఆ మజ్జిగ తాగేసి వెళ్ళాడు. ఉత్త మజ్జిగే.

మొగుడూ పెళ్ళాలు కారెక్కి కొండకు బయలుదేరారు. ఊరు దాటాక నరసింహారావే అన్నాడు. “ఆ పిల్లని రాచిరంపాన పెడతన్నావే.”

“మీకు కోడితోకలు కావాల.”

“నాకేం అక్కర్లా. వాడు ఇంటిపట్టున ఉంటన్నాడు. నవ్వుతున్నాడు. నిన్న షాపులో రైతులతో ఎంత బాగా మాట్లాడుతున్నాడో చూశా. అది ఆ పిల్ల చలవే.”

“నా చలవ ఏం లేదా?”

“నీ చలవ ఏందో నువ్వే చెప్పు.”

ధనమ్మ కిటికీ వైపు తిరిగింది. చెప్పేదయితే ఎప్పుడో చెప్పేదే. ముందు సీట్లో మౌలాలీ అద్దంలో ఒకసారి చూసి రేడియో పెట్టాడు.

కొండ మీద కారు దిగి, కొబ్బరికాయల దుకాణం దగ్గర నిలబడ్డాక గుర్తొచ్చింది. మజ్జిగ! ఒక్క రోజు కూడా తప్పించమాక అన్నాడు పుల్లారావు. పన్నెండు కావస్తోంది. హర్ష షాపు నుంచి వచ్చే ఉంటాడు, కోడలు బల్ల సర్దుతూ ఉంటుంది. దేవికకు ఫోను చేస్తే లాభం లేదు. నరసింహారావు పక్కనే కొబ్బరికాయలు చెవి దగ్గర ఆడించి చూస్తున్నాడు. ధనమ్మ రెండడుగులు పక్కకు జరిగి ఆరోగ్యమ్మకు చేసింది.

“ఏమే ఆరోగ్యమ్మా, నా బీరువాలో మందుంది.”

“తెలుసమ్మగారూ. పొద్దున మీరు పెడతంటే చూశాగా.”

చూసిందా! పొట్లం తడుముకుంటుంటే చూసిందన్నమాట. సరే, నమ్మకమైన మనిషే.

“తాళంచెవి నా దిండు కింద ఉంది. అది తీసి అబ్బాయి గ్లాసులో కలపాల. ఇయ్యాల మర్చిపోయా.”

“ఈ పూటకేనా అమ్మగారూ? ఎంత పొయ్యమంటారు?”

గొంతు కీచుమంటోంది, మాట సగం వినపడుతోంది, సగం పోతోంది. “ఎప్పుడూ కలిపేదంతే. వాడిదాంట్లోనే. ఇదిగో, దేవికకి...”

తెలియనియ్యమాక అనబోయింది. సిగ్నలు పోయింది. మళ్ళీ నొక్కింది, కలవలేదు. మూడోసారి నొక్కబోతుంటే నరసింహారావు “ఏమే, లైను కదులుతోంది, రా,” అని పిలిచాడు. చెప్పాల్సింది చెప్పేశాను కదా అని ఫోను సంచిలో పడేసుకుంది.

మందు! మన నోళ్ళలో ఆ ఒక్క మాట ఎన్ని పనులు చేస్తుందో చెప్పనక్కర్లేదు. జ్వరానికి మింగేదీ మందే, పత్తికి కొట్టేదీ మందే, బ్రాందీషాపులో కొనేదీ మందే. ధనమ్మకు అది తెలియక కాదు. కానీ తొమ్మిది రోజులుగా ఆమె మనసులో ఆ మాటకు ఒక్కటే అర్థం ఉండిపోయింది. అక్కడ బీరువా తెరిచిన ఆరోగ్యమ్మకు ఎదురుగా చీరెల ముందు కనిపించింది మాత్రం వేరే మందు.

దర్శనం బాగా జరిగింది. పూజారి కొడుకు పేరు అడిగితే గోత్రంతో సహా గట్టిగా చెప్పింది. బయటికొచ్చి మెట్ల నీడలో కూర్చున్నారో లేదో ఫోను మోగింది. పుల్లారావు. ధనమ్మ లేచి దూరంగా వెళ్ళి ఎత్తింది.

“పిన్నీ, ఎవరితోనూ అన్లేదుగా?”

“దేన్ని గురించిరా?”

“అదే, పొడి గురించి. మా ఓనరు స్టాకు చూస్తన్నాడు. డాక్టరు చీటీ లేకుండా ఎవరికిచ్చావని పొద్దున్నుంచి నన్ను పీక్కుతింటన్నాడు. నా పేరు బయటికి రానియ్యమాక పిన్నీ. పిల్లలు గలోణ్ణి.”

“నేనెందుకు చెప్తా? నేను చెప్తే నా కొంప మునగదా?”

“అదీగాక ఇంకోటి.” వాడి గొంతు తగ్గింది. “బాబుకి చుక్క తగలనియ్యమాక. నిన్న షాపులో ఒక డాక్టరుగారు ఎవరికో చెప్తంటే విన్నా.”

“తాగితే కక్కుకుంటాడని నువ్వే అన్నావుగా?”

“మామూలోళ్ళు కక్కుకుంటారు. గుండె సరిగా లేనోళ్ళకయితే బీపీ పడిపోయి ప్రాణం మీదికే వస్తదంట. పొడి ఆపేసినా పది రోజులు దాని పని లోపల ఉంటదంట. మనోడికి అట్టాంటిదేం లేదుగా?”

హర్ష గుండె సంగతి బంధువుల్లో ఎవరికీ చెప్పలేదు. ముప్పై మూడేళ్ళవాడికి గుండెజబ్బంటే నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారని ధనమ్మే దాచిపెట్టించింది. చెయ్యి విరిగిందని మాత్రమే అందరికీ తెలుసు.

“లేదు. ఎందుకుంటది?” అంది.

ఫోను పెట్టేసింది. గోడ పట్టుకుని నిలబడింది. అయినా సీసా బీరువాలో ఉంది కదా! తన చేత్తో తను పెట్టింది. దేవిక ఉత్త రసం ఇస్తానని మాట ఇచ్చింది. ఆ పిల్ల పొగరుదే గానీ మాట తప్పదు. పొద్దున ఆ పిల్ల చేత సీసా ఇప్పించింది స్వామే అనుకుంది ధనమ్మ. ఇంటికి పోగానే ఆ పొట్లం కాలవలో కలిపెయ్యాలి. ఇక ఏ మందూ వద్దు, ఏ మాకూ వద్దు. అనుకున్నాక మనసు తేలికపడి, ప్రసాదం పొట్లం విప్పి పులిహోర రెండు ముద్దలు తింది. మొగుడికి కూడా పెట్టింది. “ఏందే, ఇయ్యాల నవ్వుతున్నావు?” అన్నాడాయన. “నవ్వకూడదా?” అంది.

అప్పుడు దేవిక ఫోను చేసింది.

“అత్తయ్యా, ఫోన్లు ఆపేసే ముందు మీకొక్క మాట చెబుదామని చేశాను.” “నేను ఊహించలేదండీ. పొద్దున అంత గొడవయ్యాక మీ అంతట మీరే... ఆరోగ్యమ్మ వచ్చి, పెద్దమ్మగారు మందు కలపమన్నారు అంటే నేను నమ్మలేదు. రెండుసార్లు అడిగాను.”

ధనమ్మ చేతిలో పులిహోర అలాగే ఉండిపోయింది. చెప్పేసిందా ఆరోగ్యమ్మ! తెలిసిపోయింది. కానీ కోడలు అరవడం లేదు. పైగా సంతోషంగా ఉంది. ఇదేమిటి?

“నీకు... నీకు కోపం లేదా?”

“కోపమెందుకత్తయ్యా? నాకు ఏడుపొచ్చింది.”

ధనమ్మకు ఒక్క క్షణం ఒళ్ళంతా పులకరించింది. ఎంత మంచి పిల్ల! మొగుడి కోసం తనతో చెయ్యి కలిపింది. ఇన్నాళ్ళూ ఈ పిల్లతోనా తను పోట్లాడింది? “నువ్వే కలిపావా?” అని మెల్లగా అడిగింది.

“నేనే కలిపాను. ఆయనదాంట్లోనే కలపమన్నారంటగా, నాది ఉత్త రసమే. మామూలుగా పోసేదానికంటే కొంచెం తగ్గించానులెండి. నలభై అయిదు ఎం.ఎల్. అంతే.”

“ఎమ్మెల్లేందే? చిటికెడు గదా.”

దేవిక నవ్వింది. “సీసాలోంచి చిటికెడెలా వస్తుందత్తయ్యా?”

సీసా.

ధనమ్మకు కొండ, మెట్లు, జనం అన్నీ ఒక్కసారి కనపడటం మానేశాయి. సీసా అంది. చీరెల ముందు నిలబెట్టిన సీసా. చూశాగా అమ్మగారూ. ఎంత పొయ్యమంటారు. పొయ్యమంటారు అంది ఆరోగ్యమ్మ, కలపమంటారు అనలేదు. ఆ మాట దగ్గరయినా ఆగలేదే తను!

“దేవికా, అది...”

“ఉండండి, ఆయన మాట్లాడతారంట.”

“అమ్మా.” హర్ష గొంతు. ఇంత మెత్తగా అతను పిలిచి ఎన్నాళ్ళయిందో. “చానా సంతోషమే. నీకు తెలుసా, నెలనెలా ఈ గ్లాసు ముందు కూర్చుంటే నువ్వు నన్ను చూస్తన్నట్టే ఉండేది. తాగుతున్నా దొంగతనం చేస్తన్నట్టే ఉండేది. ఇయ్యాల నీ బీరువాలోంచి నువ్వే తీయించి ఇచ్చావు. ఇన్నాళ్ళకి నన్ను నమ్మావు. అది చాలు నాకు. వచ్చే నెల నుంచి ఇది కూడా అక్కర్లేదేమో.”

ధనమ్మ నోరు తెరిచింది. నిజం చెబితే ఈ గొంతు ఇక జన్మలో వినపడదు. నీకు కొడుకు లేడనుకో అన్నాడు. చెప్పకపోతే, ఆ మాట దానంతట అదే నిజమవుతుంది.

మొదట వచ్చింది అబద్ధమే. “ఒరేయ్, తాగమాక. పారబొయ్యి. నా మీద ఒట్టు.”

“ఏందమ్మా?”

“స్వామి ముందు అనుకున్నానురా. ఇయ్యాల ముట్టకూడదు. ఇయ్యాలొక్కరోజు...”

“పొద్దున తీసుకున్నావు. మధ్యాన్నం ఇచ్చావు. ఇప్పుడు పారబొయ్యమంటన్నావు. నన్నేమన్నా బొమ్మననుకున్నావా?” మెత్తదనం పోయింది. “నమ్మినట్టే నమ్మి మళ్ళీ మొదటికొచ్చావు. ఉంటా.”

పక్కనుంచి దేవిక గొంతు: “అత్తయ్యా, దండం పెడతాను, ఈ ఒక్కపూట ఆయన మనసు విరిచెయ్యకండి.”

“పెట్టమాక! ఫోను పెట్టమాకరా! నీ మజ్జిగలో కలుపుతున్నానురా నేను!”

మెట్ల మీద జనం తిరిగి చూశారు. నరసింహారావు లేచి నిలబడ్డాడు. ధనమ్మకు ఎవరూ కనపడలేదు. ఇక ఆగే ఓపిక కూడా లేదు.

“తొమ్మిది రోజుల్నించి కలుపుతున్నా. తాగుడు మాన్పించే పొడి. అది లోపలుండగా చుక్క పడితే నీ గుండెకి ప్రమాదమంట. నాకిప్పుడే తెలిసింది. నేను కలపమంది ఆ పొడిని, సీసాని గాదు. తాగమాకరా నాయనా, నీ కాళ్ళు పట్టుకుంటా, ఆ గ్లాసు కింద పెట్టరా!”

అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినపడుతోంది.

“తొమ్మిది రోజులా?” అన్నాడు హర్ష.

“ఆఁ.”

అతను తిట్టలేదు. “సగం తాగేశానమ్మా,” అన్నాడు.

ఫోను ఎవరి చేతిలోంచో ఎవరి చేతిలోకో మారింది. కుర్చీ జరిగిన చప్పుడు. “హర్షా, ఇటు చూడు. మొహమేంటి ఇలా కందిపోయింది? మెడ కూడా... ఆరోగ్యమ్మా, పక్కింటి ఆదిల్ గారిని పిలువు, కారు తీయమను!” దేవిక ఎవరితో మాట్లాడుతోందో ఆమెకే తెలియడం లేదు. అంతలో లైను తెగిపోయింది.

కొండ దిగుతుంటే మౌలాలీ రేడియో పెట్టలేదు. ఎవరూ చెప్పకుండానే మలుపుల్లో హారన్ కొట్టుకుంటూ తోలుతున్నాడు. నరసింహారావు భార్య మొహం చూడటం లేదు. రోడ్డు వంకే చూస్తున్నాడు.

“నాకన్నా చెప్పాల్సింది,” అన్నాడు.

ధనమ్మ ఫోను ఒళ్ళో పెట్టుకుని దాని వంకే చూస్తోంది.

ఘాట్ రోడ్డు దిగి, సమంగా ఉన్న రోడ్డెక్కారో లేదో దేవిక ఫోను. ధనమ్మ ఎత్తింది.

“ఆ మందు పేరేంటి?”

అత్తయ్యా అనే పిలుపు లేదు.

“ఎట్టా ఉన్నాడే? ఎట్టా ఉన్నాడు ముందు చెప్పు.”

“వాంతులయ్యాయి. బీపీ పడిపోయింది. మనిషి మాట్లాడటం లేదు. డాక్టరుగారు పేరు అడుగుతున్నారు. ఆయన రోజూ వేసుకునే గుండె మాత్ర ఉంది కదా, దాని మీద ఏది పడితే అది ఇవ్వలేం, ముందు లోపల ఏముందో తెలియాలంటున్నారు. ఆరోగ్యమ్మ పొట్లం తెచ్చింది. ఉత్త తెల్లపొడి, దాని మీద ఏమీ లేదు. పేరు చెప్పండి.”

“పేరు... నాకు తెలీదే. మందు అనే ఇచ్చాడు. మందు అనే తీసుకున్నా.”

“తెలియకుండా తొమ్మిది రోజులు పెట్టారా?”

ఆ పిల్ల గొంతులో కోపం కూడా లేదు, అదే భయంగా ఉంది.

“ఎవరిచ్చారు?”

“పుల్లారావు. మా అక్క కొడుకు. వాడికి తెలుసు. ఒక్క నిమిషం ఆగు, ఇప్పుడే అడిగి చెప్తా. ఒక్క నిమిషం పట్టుకో వాణ్ణి.”

మొదటి మోతకే పుల్లారావు ఎత్తాడు. వెనకాల ఎవరో పెద్దమనిషి గట్టిగా మాట్లాడుతున్నాడు. స్టాకు బుక్కు, చీటీ, పోలీసు అనే మాటలు ముక్కలు ముక్కలుగా వినపడ్డాయి.

“ఒరేయ్ పుల్లారావూ, ఆ మందు పేరు చెప్పరా! తొందరగా చెప్పు. హర్ష తాగాడు. వాడికి గుండె జబ్బుందిరా, నీకు చెప్పలా, నాదే తప్పు. ఆసుపత్రిలో ఉన్నాడు. డాక్టరు పేరడుగుతున్నాడు. ఒక్క మాట చెప్పరా!”

వెనకాల మాటలు ఆగిపోయాయి. ఆ పెద్దమనిషి కూడా వింటున్నట్టున్నాడు. పుల్లారావు ఊపిరి ఒకసారి గట్టిగా లాగి వదిలిన చప్పుడు ఆమెకు స్పష్టంగా వినపడింది.

“ఎవరండీ మీరు?” అన్నాడు వాడు. “ఏ మందు? నేను మీకే మందూ ఇవ్వలేదే.”